ఒడి జొన్నలు

మా పుట్టిల్లు కర్నూలు. నన్ను ఇచ్చింది తుంగభద్ర అవతల, హైదరాబాదు రాజ్యంలోని పల్లెకు. స్వతంత్రం వచ్చినా ఆ ఒడ్డున సుంకం నాకా మాత్రం కదల్లేదు. ఏ సరుకు లోపలికి రావచ్చో, ఏది రాకూడదో అచ్చేసిన కాగితం దాని గోడకు అతికించి ఉండేది. ఒంటి మీది గుడ్డలు రావచ్చు, శుభకార్యపు సామాను రావచ్చు. పర్మిట్ లేకుండా ధాన్యం రాకూడదు.

ఆ ఏడు కరువుకు మా అత్తగారింట్లో విత్తనాల జొన్నలు కూడా తినేశారు. ఆ తర్వాత మంచి వాన పడింది. పదును ఆరేలోగా విత్తకపోతే మా మూడెకరాలూ బీడే. పుట్టింటికి పరిగెత్తి, నాయన ఇచ్చిన జొన్నల మూటతో నది దాటితే నాకా జవాను తిప్పి పంపాడు. పర్మిట్ రాసే దొర ఊళ్ళో లేడట, వారం ఆగాలట. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. వాన వాళ్ళ దొరను అడిగి కురిసిందా?

ఇంటికొచ్చి ఏడుస్తుంటే అమ్మ కసిరింది.

"ఏడుపు సాలుగానీ, పీట మీద కూసో."

నాకు బొట్టు పెట్టి, కొంగులో ఐదు సేర్ల విత్తనాల జొన్నలు పోసి, పసుపుకొమ్ములు, టెంకాయ పెట్టి నడుముకు ముడేసింది. పుట్టింటివాళ్ళు నింపిన ఒడిని అత్తగారింట్లోనే విప్పాలి, దారిలో ఎవరూ తాకకూడదు.

నాకా దగ్గర అదే జవాను ఆపాడు.

"ఒడిలో ఏముందమ్మా?"

"జొన్నలు," అన్నాను. దాచడానికి నేనేం దొంగనా?

"ఒడిలో పోసేది బియ్యం కదా?"

"మా సీమలో పండగనాడు గూడా బియ్యం కండ్లజూడమప్పా. మా ఒడి జొన్నలదే. శుభకార్యపు సామాను రావచ్చని నీ కాగితమే చెప్తాండాది. కాదంటావా, రా, నీ చేత్తోనే విప్పు. అత్తింటికి పోయే ఆడబిడ్డ ఒడి ఖాళీ చేసినానని నీ ఇంట్లో ఆడోళ్ళకు చెప్పుకో."

నది దాటించే పుట్టి దిగినవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు. జవాను కాగితం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి పక్కకు జరిగాడు.

ఆ సాయంత్రమే మా మామ ఆ జొన్నలతో ఒక ఎకరా విత్తాడు. మరుసటి రోజు పొద్దున్నే ఖాళీ కొంగుతో నది దాటాను, మధ్యాహ్నానికి నిండు ఒడితో తిరిగి వచ్చాను. జవాను నన్ను చూసి తల పట్టుకున్నాడు.

"నిన్ననే కదమ్మా నింపారు! మీవాళ్ళు ఎన్నిసార్లు నింపుతారు?"

"ఎకరాకు ఒకసారి," అన్నాను. "రేపు గూడా వస్తా."