అడిగి తినని ఇంట్లో గ్రీన్ టీ

రథసప్తమి నాడు అరసవల్లిలో దర్శనం వరుసలో నిలబడి ఉండగా కడుపులో ఒక్కసారిగా మెలిపెట్టింది. వరుస వదిలి మరుగుదొడ్డి వైపు పరిగెత్తాను. హైస్కూల్ హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. నేను పరిగెత్తడం నా విద్యార్థులెవరూ చూసి ఉండరు. ఆ మరుగుదొడ్డి ఎలా ఉందో రాయను. అక్కడ కనిపించిన రక్తం సంగతి మాత్రం రాయాలి. అవి మొలలే అని నాకు నేనే చెప్పుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాను.

మా ఊరు భోగాపురం దాటాక శ్రీకాకుళం వెళ్లే హైవే నుంచి కాస్త లోపలికి ఉంటుంది. మా ఇంటిని ఇప్పటికీ దివాణం అంటారు. దివాణంలో మిగిలింది రెండు గదులు, ఒక వంటిల్లు. మిగతాది కూలిపోయింది. ఆ రెండు గదుల్లో నేను, చనిపోయిన నా తమ్ముడి భార్య నూకరత్నం ఉంటాం. మా ఇద్దరి తర్వాత ఆ ఇంటిపేరు పెట్టుకునే వాళ్లు లేరు.

ఆ ఇంటి పద్ధతి ఒకటి ముందే చెప్పాలి. మా ఇంట్లో ఎవరూ అన్నం అడిగి తినరు. వడ్డిస్తే "చాలు" అంటారు. వడ్డించేవాళ్లు బతిమాలాలి. మళ్లీ వద్దనాలి, మళ్లీ బతిమాలాలి. మూడోసారికి గాని కంచానికి అడ్డం పెట్టిన చెయ్యి తీయకూడదు. కలిగిన రోజుల్లో అది మర్యాద. నా చిన్నతనానికి కలిమి పోయింది, మర్యాద మిగిలింది. గిన్నె ఖాళీగా ఉన్నా మా అమ్మ గరిటె పట్టుకుని "ఇంకొంచెం" అనేది. మేం "వద్దు" అనేవాళ్లం. ఆకలి అన్న మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు.

రక్తం ఆగలేదు. వేసవి వచ్చేసరికి కడుపు ఉబ్బి, వాంతులు మొదలయ్యాయి. నూకరత్నం కారు మాట్లాడి విశాఖపట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లింది. CT scan, colonoscopy, biopsy. నాకన్నా చిన్నవాడైన ఒక surgeon మంచం పక్కన నిలబడి అడిగాడు.

"రక్తం ఎన్నాళ్లుగా పోతోంది మేడమ్?"

"కొన్నాళ్లుగా."

"కొన్నాళ్లంటే? రోజులా, నెలలా?"

నేను గోడ వైపు చూశాను. అతనికి జవాబు దొరికింది.

"ఎడమవైపు పెద్దపేగులో tumour ఉంది. పేగు దాదాపు మూసుకుపోయింది. ముందు ఆపరేషన్ చేయాలి. తాత్కాలికంగా colostomy పెడతాం. తర్వాత chemotherapy."

colostomy అంటే ఏమిటో తెలివి వచ్చాక తెలిసింది. పొట్ట మీద పేగు నోరు తెరిచి, దానికి ఒక సంచి తగిలించారు. మలం అందులోకి వస్తుంది. ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. మనుషుల మధ్య కూర్చుని ఉండగా చప్పుడు చేస్తుంది. ఇదంతా మృదువుగా రాసేవాళ్లు ఉంటారు. నాకు చేతకాదు. అది రోత. నా వాసన నాకే కడుపులో తిప్పేది. నర్సు సంచి మార్చడం నేర్పుతుంటే కళ్లు మూసుకున్నాను. నూకరత్నం కళ్లు మూసుకోలేదు. "ఏటి వదినగోరూ, పసిపిల్లలకి సెయ్యమేటి? మీరు కొంచెం పెద్ద పిల్ల, అంతే," అంది. ఆ మాటా నాకు నచ్చలేదు.

Stage three అన్నారు. Injection ఒకటి, దాంతో పాటు ఇంటి దగ్గర వేసుకునే chemo మాత్రలు. ఆపరేషన్‌కి ముందే రక్తం బాగా పోయింది కాబట్టి iron tablets రాశారు. "బరువు తగ్గకుండా చూసుకోండి, అదే మీ పని. మిగతాది మా పని," అని oncologist చెప్పింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

సరిగ్గా అప్పుడు మా బావ వచ్చాడు.

రామభద్రం బావ మా మేనమామ కొడుకు. విశాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే బీచ్‌లో నడిచేవాళ్ల బృందం ఒకటుంది, వాళ్లకి ఈయన పెద్ద. అక్కడ ఎవరికో తెలిసిన ఎవరికో గ్రీన్ టీతో కేన్సర్ కరిగిపోయిందట. డబ్బా పట్టుకుని వచ్చి, కోలుకునేదాకా దగ్గరుంటానని మా ఇంట్లో మకాం పెట్టాడు. నా మీద అతనికి ప్రేమ లేదని అనను. ఆ ప్రేమ వల్లే ఇంత నష్టం జరిగింది.

"పంచదార కేన్సర్‌కి మేత సుభద్రా. అన్నం అంటే పంచదారే. పాలు మానెయ్. గుడ్డు విషం. మొలకలు, పచ్చి కూరలు, గ్రీన్ టీ. నెలలో నీ రిపోర్టులు నువ్వే నమ్మవు."

ఆ ఆఖరి మాట నిజమైంది.

గ్రీన్ టీ రుచి గురించి చెప్పాలంటే, నానబెట్టిన గడ్డిని వెచ్చ చేసి ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. లేవగానే ఒకసారి, టిఫిన్ బదులు ఒకసారి, భోజనానికి ముందు, భోజనం తర్వాత, సాయంత్రం. chemo వల్ల నోరంతా పూసి ఉంది. అయినా తాగాను. ఇంటికి వచ్చిన మనిషి చేత్తో ఇచ్చినది పారబోయడం మాకు లేదు. పచ్చి క్యాబేజీ తిన్న రోజు సంచి గాలితో ఉబ్బి, బావ ఎదుటే అంచు ఊడిపోయింది. ఆయన ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, "చూశావా, విషమంతా బయటికి పోతోంది," అన్నాడు. నా జన్మలో ఎవరినీ కొట్టలేదు. ఆ రోజు కొట్టాలనిపించింది.

ఇంకో సంగతి ఉంది. నాకు ఎక్కించిన మందు వల్ల చల్లనిది ఏది తగిలినా కరెంటు షాకు కొట్టినట్టు అయ్యేది. కుండనీళ్లు గొంతులో పోసుకుంటే గొంతు పట్టేసేది. అందుకని మాత్రలన్నీ వేడి గ్రీన్ టీతో మింగేదాన్ని. iron tablet కూడా. అందులో తప్పేముందో నాకు తోచలేదు, బావకీ తోచలేదు.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర పడింది. నూకరత్నం ఆయన చూడకుండా నాకు రెండు గరిటెల అన్నం, పప్పు పెట్టింది. నేను అలవాటుగా "చాలు" అన్నాను. ఆమె అలవాటుగా "అదేటండీ, ఇంకొక్క ముద్ద" అంది. అప్పుడే లోపలికి వచ్చిన బావ గరిటె పట్టుకుని ఆపాడు.

"ఆమె వద్దంటోంది కదా! రోగికి బలవంతంగా పెట్టకూడదు నూకరత్నం. ఏం కావాలో శరీరానికే తెలుసు. అడిగినప్పుడే పెట్టు."

"మా వదినగోరు అడగరండీ."

"అడగలేదంటే అక్కర్లేదనేగా!"

ఆయన మా అమ్మ పుట్టింటివాడే. అదే పద్ధతిలో పెరిగాడు. విశాఖలో ఉండి మర్చిపోయాడో, తనకి ఎప్పుడూ ఎవరో ఒకరు బతిమాలి పెడుతున్నారు కాబట్టి తట్టలేదో తెలియదు. నూకరత్నం పెద్దమనిషి మాట జవదాటలేక బతిమాలడం మానేసింది. ఒకసారి అడిగేది, నేను వద్దనేదాన్ని, గిన్నె వెనక్కి వెళ్లిపోయేది. నేను ఆ గిన్నె వైపు చూస్తూ ఉండేదాన్ని. ఒట్టి కడుపుతో ఉంటే నోటిలోకి టీ చేదు తన్నుకొచ్చేది. వంటింట్లో అన్నం ఉంది, పప్పు ఉంది, పెరుగు ఉంది. దివాణంలో పుట్టిన నేను ఆకలితో మాడుతున్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేకపోయాను.

తర్వాతి chemo రోజున రక్తపరీక్ష చూసి oncologist కళ్లజోడు తీసింది.

"ఈ వారం chemo ఇవ్వను. Haemoglobin పెరగాల్సింది పోయి తగ్గింది. బరువూ బాగా పడిపోయారు. ఇలాగే ఉంటే dose తగ్గించాలి. ఇంకా తగ్గితే ఆపేయాలి. ఆపితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"లేదు," అన్నాను. టీ మందని నేనెప్పుడూ అనుకోలేదు. అప్పటికి iron tablet వేళయింది. నూకరత్నం చేతిసంచిలోంచి ఫ్లాస్కు తీసి మూతలో వంచింది. డాక్టరు ఆ పచ్చటి నీళ్లు చూసింది.

"అదేమిటి?"

"గ్రీన్ టీ," అన్నాను.

"రోజుకి ఎన్ని?"

"లెక్క నేదండి. నీల్లకి బదులు అదే," అంది నూకరత్నం.

డాక్టరు కోప్పడలేదు. "గ్రీన్ టీ కేన్సర్‌ని తగ్గిస్తుందని నేను చెప్పలేను. ఒక కప్పు ఇష్టంగా తాగితే వద్దనను. కానీ టీతో మింగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. ఇక ఇన్నిసార్లు తాగి కడుపు నింపుకుంటే అన్నానికి చోటెక్కడ?" అని, dietitian గదికి పంపింది.

ఆ అమ్మాయి కలం తీసింది. "మధ్యాహ్నం ఎంత తింటున్నారు మేడమ్?"

"సరిపడా."

"రాసుకోకమ్మా, అది అబద్దం," అంది నూకరత్నం. "కాకికి పెట్టినంత తింతన్నారు."

"మరి మీరు పెట్టడం లేదా?"

"పెడతన్నాను. వొద్దంతన్నారు."

"వద్దంటే ఆకలి లేదనా?"

"కాదమ్మా. ఈవిడ వొద్దన్నారంటే ఇంకా పెట్టమని."

ఆ అమ్మాయి కలం ఆగిపోయింది. "మరి పెట్టొచ్చుగా?"

"బతిమాలకండా ఎలగ పెడతాను? బతిమాలొద్దని ఈవిడ బావగోరు సెప్పేరు కదా!"

"ఎవరు ఎవరిని బతిమాలాలి? నాకు అర్థం కావడం లేదు."

"నీకేటి, మా ఊరోల్లకే అర్దం కాదు. తాతలు నేతులు తాగేరంట, ఈవిడ మూతి ఇప్పటికీ తుడుసుకుంతన్నారు," అంది నూకరత్నం. గది బయట కూర్చున్నవాళ్లు నవ్వారు. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇంత అవమానం ఆ సంచి కూడా నాకు చేయలేదు.

ఆ అమ్మాయి నవ్వలేదు. "మేడమ్, ఇప్పుడు ఏదీ మానేసే సమయం కాదు. మెత్తగా వండిన అన్నం, పప్పు, గుడ్డు, చేప, పెరుగు. ఒకేసారి వద్దు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. పచ్చి కూరలు ప్రస్తుతానికి ఆపండి. మాత్రలకి గోరువెచ్చని నీళ్లు చాలు. టీ కావాలంటే ఐరన్ మాత్రకి దూరంగా, వేరే పూట. ఆకలేసినప్పుడు ఇంట్లో చెప్పండి," అంది. ఆఖరి మాట ఆమెకి ఎంత తేలికో.

ఇంటికి వచ్చాక బావకి డాక్టరు మాటలు చెప్పాను. "అల్లోపతి వాళ్లు అలాగే అంటారు," అన్నాడు. నూకరత్నం చేపల పులుసు వండింది. కంచం పెట్టి, ఒక గరిటె అన్నం వేసి, గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంది. తినేశాను. ఆమె కదలలేదు.

"ఏం?" అన్నాను.

"నాను బతిమాలను వదినగోరూ. మీ బావగోరి మాట కాదు, నా మాటే. ఎన్నేల్లు బతిమాలేను! రేపు నాను మంచాన పడితే మిమ్మల్ని ఎవరు బతిమాల్తారు? అడగండి, పెడతాను. గిన్నెడూ పెడతాను."

బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పులుసు వాసన వస్తోంది. ఆ వాసనకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుఃఖంతో కాదు, ఆకలితో. మనిషిని ఆకలి ఇంత నీచం చేస్తుందా అని ఒళ్లంతా అసహ్యం వేసింది. అయినా chemo ఆగిపోతుందన్న మాట చెవిలో ఉంది.

"నూకరత్నం, ఆకలేస్తోంది. అన్నం పెట్టు."

"ఏటి? ఇనపడనేదు."

రెండోసారి అనలేదు. కంచం ఎత్తి ఆమె ముందు పెట్టాను. ఆమె నవ్వుతూ నింపింది. నేను ఎవరి వైపూ చూడకుండా తిన్నాను. గుమ్మంలోంచి బావ ఎప్పుడు వెళ్లాడో గమనించలేదు. మర్నాడు విశాఖ వెళ్లిపోయాడు. డబ్బా వదిలేసి వెళ్లాడు. మంచి డబ్బాయే, నూకరత్నం దాన్లో మెంతులు పోసుకుంది.

అంతటితో అన్నీ చక్కబడలేదు. ఆస్పత్రిలో ఐరన్ drip పెట్టించుకోవాల్సి వచ్చింది. chemo మళ్లీ మొదలైతే మళ్లీ నోరు పూసింది, అరికాళ్ల చర్మం ఊడింది. కొన్ని రోజులు తిన్నదంతా కక్కేశాను. కానీ chemo పూర్తయింది, dose తగ్గించకుండానే. తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి పేగు కలిపి సంచి తీసేశారు. ఆ సంచి పోయినందుకు దేవుడికి దండం పెట్టాను గాని దాని మీద నాకు ప్రేమ మాత్రం పుట్టలేదు. వేళ్ల చివర తిమ్మిరి ఇప్పటికీ ఉంది. రవికె బొత్తాలు నూకరత్నమే పెడుతుంది. checkup కి వెళ్లిన ప్రతిసారీ "ఇప్పటికి బాగుంది," అంటుంది డాక్టరు. "ఇప్పటికి" అన్న మాటతో బతకడం నేర్చుకుంటున్నాను.

సలహాలు ఆగలేదు. గోధుమగడ్డి, గోమూత్రం, నోని, ఎవరింటి నుంచో ఎవరో పంపిన పొడి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి రోగి పక్కన కూర్చుని పరిశోధన చేయాలని ఎందుకంత ఉబలాటమో నాకు అర్థం కాదు.

మొన్న checkup కి వెళ్లినప్పుడు బల్ల మీద నా పక్కన పలాస వైపు నుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నాడు. చిక్కి శల్యమైపోయాడు. అతని భార్య చీర చెంగు చాటున ప్లాస్టిక్ సీసాలోంచి ఏదో ఆకు పసరు మూతలో పోసి ఇచ్చింది. అతను ముక్కు మూసుకుని తాగాడు. పరాయివాళ్లని పలకరించే అలవాటు నాకు లేదు. అయినా అడిగాను.

"ఏమిటమ్మా అది?"

ఆమె గబుక్కున మూత బిగించింది. "ఏటీ నేదమ్మా. ఆకు పసరు. మందు కాదు. డాక్టరమ్మకి సెప్పకండి, తిడతాది."

"తిట్టదు," అన్నాను. "తిట్టినా ఫరవాలేదు. పేరు పిలిచినప్పుడు ఆ సీసా పట్టుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టు. ఎన్నిసార్లు ఇస్తున్నావో చెప్పు, ఏ మాత్రతో కలిపి ఇస్తున్నావో చెప్పు. తాగొచ్చో లేదో ఆమె చెబుతుంది."

ఇది చదువుతున్న మీకూ నేను చెప్పేది అంతే. టీ అయినా, పసరు అయినా, పొడి అయినా, మందు కాదనుకుని దాచవద్దు. తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి.

ఆమె సీసా వైపు, భర్త వైపు చూసింది. లోపలి నుంచి పేరు పిలిచారు. అతను లేవడానికి ఇబ్బంది పడుతుంటే నేను చెయ్యి అందించాను. ఆమె సీసా చెంగు కిందికి తోయబోయి, ఆగి, చేతిలోనే పట్టుకుని అతని వెనకే లోపలికి వెళ్లింది.