బాపు మొలతాడు

కొన్నాళ్ల సంది బాపు నడుస్తుంటే కాళ్లు నేలకు అతుక్కుపోతున్నయ్. మెదడుల సన్న రక్తనాళాలు మూసుకపోయి గట్లయితుందేమో, ఎమ్మారై తీయించమన్నడు డాక్టర్. ఇయ్యాల ఇబ్రహీంపట్నంల స్కానింగ్‌కు పోతే, ఒంటి మీద వెండి, బంగారం ఏదీ ఉండొద్దన్నరు. బాపు నడుముకున్న వెండి మొలతాడు గట్టిగ పట్టుకున్నడు.

"మొలతాడు తీసేది మనిషి పోయినంకనేరా. నేనింకా ఉన్న గద."

అమ్మ బయటి దుకాణంల నల్లదారం కొనుక్కొచ్చి ముందు అది కట్టింది. తర్వాతనే వెండిది ఇప్పి నా చేతుల పెట్టింది.

"నడుము ఒక్క గడియ కూడ ఖాళీగ లేదు, ఇగ పో" అన్నది.

బాపు మిషిన్లకు పోయిండు.

రిపోర్టు రేపిస్తరట. నేను గిసొంటి పట్టింపులు నమ్మను. కానీ ఆ మొలతాడు ఇంకా నా జేబులనే ఉంది, దాని మీదికెల్లి చెయ్యి తీయబుద్ధయితలేదు. మీరైతే తీస్తురా?