అత్తయ్య మీద వేసిన మరక

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నాలుగేళ్ల పాటు ఒక అబద్ధాన్ని మోశాను. నేను మోసింది తక్కువే. దాని బరువంతా మోసింది ఇంకొకరు.

మాది తెనాలి. బడిలో లెక్కలు చెబుతాను. బాబు పుట్టినప్పుడు కాన్పు కష్టమై లోపల కండరం చిరిగింది. కుట్లు వేశారు, మానిందనుకున్నాను. నలభై దాటాక తెలిసింది, సరిగ్గా మానలేదని. మలం వస్తోందని తెలిసేలోపే అయిపోయేది. సగం లెక్క బోర్డు మీద వదిలేసి పరుగెత్తేదాన్ని. సంచిలో ఎప్పుడూ ఇంకో జత బట్టలు. పొద్దున టిఫిన్ మానేశాను. డాక్టరుకు చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. ఏ మాటతో మొదలుపెట్టాలి?

రేపల్లెలో మా వదిన, అంటే మా ఆయన అక్క, కొత్త ఇంట్లోకి దిగింది. భోజనాలయ్యాక నేనూ అత్తయ్యా హాల్లో కొత్త సోఫా మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఉన్నట్టుండి నాకు అయిపోయింది. ముదురు రంగు చీర. కొంగు వెనక్కి కప్పుకుని, మెల్లగా లేచి బాత్రూముకు వెళ్లాను. నేను లేవగానే అత్తయ్య ఎవరికో చోటివ్వడానికి నేను కూర్చున్న వైపుకు జరిగారట. తిరిగి వచ్చేసరికి వదిన ఆవిడను లేపి నిలబెట్టింది. సోఫా మీద మరక. ఆవిడ చీరకూ అంటింది.

"అమ్మా, నీకు తెలియలేదా?"

"నేను కాదే" అన్నారు అత్తయ్య. చీర తిప్పి చూసుకున్నారు. చుట్టూ ఉన్న ముఖాలు చూశారు. "ఏమోనే, నేనేనేమో" అన్నారు.

అప్పుడు నేను నోరు విప్పాను. ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. "ఈ మధ్య ఇంట్లో కూడా ఇలాగే అవుతోంది వదినా. పెద్దావిడ కదా, ఏమీ అనకండి" అన్నాను. జాలిగా అన్నాను. ఆ జాలి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. భయంలోంచి అంత మెత్తని గొంతు ఎలా పుడుతుంది?

ఆ రోజు నుంచి ఇంట్లో వచ్చే వాసనకు ఒక పేరు దొరికింది. అత్తయ్యకు విడిగా ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. పెద్దవాళ్లకు వాడే డైపర్లు వచ్చాయి. వాటిని తెచ్చింది నేనే, అందులోంచి కొన్ని దాచుకుని వాడుకున్నదీ నేనే. అత్తయ్య పేరంటాలు మానేశారు. పెళ్లిళ్లకు మేము వెళ్తే ఆవిడ ఇంట్లో ఉండేవారు. కడుపు ఖాళీగా ఉంటే మంచిదని సాయంత్రం అన్నం మానేసి గ్లాసుడు మజ్జిగతో సరిపెట్టుకునేవారు. ఎవరో చెప్పిన చూర్ణం ఏదో రోజూ మింగేవారు. డైపర్ పొడిగానే ఉన్నా ఆవిడ అనుమానం పోలేదు. తన ఒంటి మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. చూస్తూ ఉండిపోయాను.

నిరుడు బడిలో, పిల్లల ముందే అయింది. ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పాను, అదీ సగమే. ఇది కొత్తగా మొదలైందన్నాను. గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. "చాలామంది ఆడవాళ్లకు ఉంటుందమ్మా, చెప్పుకోరంతే" అన్నారావిడ. మందులు, వ్యాయామాలు అన్నీ చూశాక, నరాలను ఉత్తేజపరిచే పరికరం సంగతి చెప్పారు. వెన్ను చివర, పేగును అదుపులో పెట్టే నరాల పక్కన సన్నని తీగ పెడతారు. కొన్నాళ్లు బయటి యంత్రంతో పరీక్షించి, గుణం కనిపిస్తేనే పిరుదు పైభాగంలో చర్మం కింద చిన్న బ్యాటరీ అమరుస్తారు. అందరికీ పనిచేస్తుందని లేదని కూడా ముందే చెప్పారు.

నాకు పనిచేసింది. తీగ పెట్టిన నాలుగో రోజు లోపల చీమలు పాకుతున్నట్టు ఉండగానే, వస్తోందని తెలిసింది. తెలిసి, ఆగింది! గది దాటి, వరండా దాటి, తలుపు గడియ వేసుకునే దాకా ఆగింది. నడిచి వెళ్లాను. పరుగెత్తలేదు. లోపల కూర్చుని నవ్వుతూ ఏడ్చాను. బ్యాటరీ పెట్టాక బడికి వెళ్లి, గంట కొట్టే దాకా ఒక్కసారీ బయటికి రాకుండా పాఠం చెప్పాను. రెండు దోశెలు తిని బస్సెక్కాను. అప్పుడప్పుడూ ఇప్పటికీ ఇబ్బంది ఉంది. ఉండనీ. నా ఒళ్లు నాకు తిరిగి వచ్చింది.

ఇంట్లో వాసన కూడా పోయింది. "అమ్మకు చూర్ణం పనిచేసింది" అని మా ఆయన సంబరపడ్డారు. అత్తయ్య మాత్రం నమ్మలేదు. ఒక సాయంత్రం నేను కడుపునిండా పప్పన్నం తింటుంటే, ఆవిడ ఎదురుగా మజ్జిగ గ్లాసుతో కూర్చున్నారు. నా ఒళ్లు నాకు తిరిగి వచ్చేసింది, మరి ఆవిడది?

కంచం పక్కన పెట్టి చెప్పేశాను. సోఫా, డైపర్లు, అన్నీ.

ఆవిడ అడిగిన మొదటి మాట నేను ఊహించనిది.

"అంటే, నాకేం లేదా? నేను బాగానే ఉన్నానా?"

"బాగానే ఉన్నారండి. ఎప్పుడూ బాగానే ఉన్నారు."

ముఖం విప్పారింది. చిన్నపిల్లలా రెండు చేతులూ చరిచారు. ఆ వెంటనే కోపం వచ్చింది. "నాలుగేళ్లు నా మతి పోయిందనుకున్నానే! రేపు రేపల్లె పద. నా కూతురి ముందు చెబుదువుగాని" అన్నారు. ముందు అన్నం పెట్టమన్నారు. రెండుసార్లు వడ్డించుకున్నారు.

మర్నాడు రైలెక్కాం. వదిన ముందు, వాళ్లాయన ముందు, వాళ్ల అత్తగారి ముందు చెప్పాను. ఒక్క మాటా మింగలేదు. వదిన తల్లిని పట్టుకుని ఏడ్చింది. నాతో మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడదు. సగమే చెప్పినందుకు మా ఆయన వారం రోజులు ముభావంగా ఉన్నారు. ఇవన్నీ నాకు రావలసినవే.

అత్తయ్య నిన్న బాపట్ల బయలుదేరారు, చెల్లెలి ఇంటికి. నెల రోజులు ఉంటారట, సూర్యలంకలో సముద్ర స్నానాలట. కొత్త చీర కట్టుకుని, ఒక్కరే రైలెక్కుతానని పట్టుబట్టారు. గుమ్మం దాటబోతూ ఆగారు.

"నిన్ను క్షమించానని మాత్రం ఎవరికీ చెప్పకు."

"చెప్పనండి" అన్నాను.

చెప్పడం లేదు. నేను చేసింది మాత్రమే చెప్పాను. ఇంతకాలానికి ఊపిరి ఆడుతోంది.