జెండాలకి ఇవతల

మా ఆయనది విమానాలకు దారి చూపే పని. అంటే పెద్ద ఆఫీసరనుకునేరు! చిన్న విమానాలు దిగే మైదానంలో నేల ఎక్కడ గట్టిగా ఉందో తొక్కి చూసి, రన్‌వేకి అడ్డంగా ఎర్రజెండాలు పాతుతాడు. దిగకూడని వైపు తెల్లగుడ్డతో పెద్ద ఇంటూ గుర్తు పరుస్తాడు. ఇంట్లో మాత్రం తన కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో రోజూ నేనే వెతికిపెట్టాలి.

అక్కడే రేడియో గది ఊడ్చే పని నాది. ఆ గదిలో కూర్చుని పైలట్లతో మాట్లాడేది నా తమ్ముడు. బావా బావమరుదులు ఎదురుపడితే చాలు, ఒకటే వేళాకోళం.

ఆ రోజు వాన అప్పుడే వెలిసింది. రన్‌వేలో మా గదికి దూరంగా ఉన్న సగం నానిపోయింది. మా ఆయన మధ్యలో జెండాలు పాతి, ఆ చివరికి వెళ్ళి వాకీటాకీలో చెప్పాడు: "ఒరేయ్, జెండాలకి ఇవతలంతా బురద. అవతల దిగమను."

"అలాగే బావా," అన్నాడు తమ్ముడు. జెండాలు దాటాక దిగమని పైలట్‌కి చెప్పేశాడు.

చీపురు పట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాను. మా గది వైపు నుంచి వచ్చిన విమానం జెండాల మీదుగా కిందికి దిగుతోంది. అయ్యో, ఆయన ఇవతల వేరు, మా ఇవతల వేరు!

"నీ దుంప తెగ! మీ బావ ఆ చివర్న ఉన్నాడురా!" అని అరిచాను. తమ్ముడు రేడియో అందుకునేలోపే మా ఆయన, ఇంకా పరచని తెల్లగుడ్డ రెండు చేతులా చాపి పట్టుకుని విమానానికి ఎదురు పరుగెత్తాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

విమానం ఆయన నెత్తిమీదుగా మళ్ళీ పైకి లేచింది. ఒక చుట్టు తిరిగొచ్చి గట్టినేల మీద దిగింది.

ఆయన మా గది దగ్గరికి రాగానే తమ్ముడు బావ చేతులు పట్టుకుని వలవలా ఏడ్చాడు. "ఊరుకోరా, ఎక్కడున్నానో నేనూ చెప్పలేదుగా," అన్నాడాయన. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"అలా ఎదురెళ్ళేటప్పుడు నేను గుర్తు రాలేదా మీకు?"

మోకాళ్ళ దాకా బురదతో నిలబడి, "రాలేదు," అన్నాడు.

"అబద్ధమైనా ఆడొచ్చు కదండీ!"

"నువ్వు గుర్తొచ్చుంటే కాళ్ళు కదిలేవి కావే."

ఆయన దగ్గరికి రాబోతే చెయ్యి విదిలించేసి, రేడియో గది గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను.