తాళం వేసి ఉంది

వీధిలో అతన్ని ర్యాంకరు అంటారు. మూడో తరగతిలో ఒక్కసారి ఫస్టు వచ్చిన పాపానికి ఆ పేరు పడింది. ఇరవై ఆరేళ్ళొచ్చినా పేరు అతన్ని వదల్లేదు, అతనూ పేరును వదల్లేదు. పెద్ద పెద్ద కంపెనీల షేర్ల మంచిచెడ్డలు తేల్చే సంస్థలో ట్రైనీగా చేరి, ఏడాది చివర పెట్టిన పరీక్షలో రెండు మార్కులు తక్కువై ఇంటికొచ్చాడు. అప్పుడు కూడా తప్పు తనదని అతనికి తోచలేదు. పేపరు దిద్దినవాడు చదవకుండానే మార్కులేశాడట. ఆడలేక మద్దెల ఓడు అనే మాట ఇలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. ఆ దిద్దినవాణ్ణి అతను పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కూడా తిట్టేవాడు.

ఎనిమిది నెలలు గదిలో పడుకుని ఫ్యాను రెక్కలు చూశాక, మేనమామ ఎవరినో కాళ్ళావేళ్ళా పడి బతిమాలి, బళ్ళు కొనుక్కోవడానికి అప్పులిచ్చే ఒక కంపెనీలో ఉద్యోగం వేయించాడు. అప్పు అడిగినవాళ్ళ ఇంటికి వెళ్ళాలి. ఇల్లుందా, మనిషి అందులోనే ఉంటున్నాడా, ఇరుగుపొరుగు ఏమంటున్నారు అని చూసి కాగితం నింపాలి. తల్లి ఆ సంగతి కాస్త గొప్పగా, “మావాడు ఫైనాన్సులో చేరాడు” అని చెప్పుకుంది. ఆ సాయంత్రమే ఎదురింటి బాబాయి ఎందుకైనా మంచిదని తన స్కూటరును పెరట్లోకి తోసి పాత దుప్పటి కప్పేశాడు.

ర్యాంకరుకు ఒకటే ఆశ. ఏడాదిపాటు రికార్డు మీద మచ్చ లేకుండా పనిచేసినవాళ్ళను హెడ్డాఫీసులో పెట్టుబడుల విభాగానికి తీసుకుంటారు. మచ్చ లేకపోవడమంటే పని చేయడమని అతను అనుకోలేదు, పట్టుబడకపోవడమే అనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇరుకు సందుల్లో తిరగడం తన చదువుకు తగదనిపించింది. అందుకని ఆ కాగితాలు కాఫీ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చుని నింపేవాడు. ఇల్లు ఉంది. ఇరుగుపొరుగు అభిప్రాయం సంతృప్తికరం. మరీ మారుమూల చిరునామా అయితే, “రెండుసార్లు వెళ్ళాము. తాళం వేసి ఉంది” అని రాసేవాడు. ఒక్కసారి కూడా వెళ్ళనివాడికి ఆ బహువచనం ఎందుకో. చదవకుండా మార్కులేసినవాడి మీద అంత మండిపడిన మనిషి, చూడకుండా రాస్తున్న తన చేతిని మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు.

పదకొండో నెలలో సెక్షన్ మేడమ్ పిలిచింది. ఆవిడ ఆ కంపెనీలోనే టైపిస్టుగా మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి. ఫస్టు ర్యాంకుల వాళ్ళంటే ఆవిడకు పెద్ద గౌరవం లేదు. ఒక ఫైలు అతని ముందుకు తోసింది. తోపుడుబండి మీద మంచినీళ్ళ డబ్బాలు వేసే ఒకావిడ, ట్రాలీ ఆటో కోసం పెట్టుకున్న దరఖాస్తు అది. ర్యాంకరు రాసిన తాళం మాటతోనే దాన్ని మూసేశారు. ఆవిడ నిన్న ఆఫీసుకు వచ్చి అడిగి వెళ్ళిందట.

“వాళ్ళ తలుపుకి గొళ్ళెం ఊడి రెండేళ్ళయిందంట. రాత్రిళ్ళు లోపల్నుంచి కర్ర అడ్డం పెట్టుకుంటారంట” అంది మేడమ్. “మరి నువ్వు చూసిన తాళం ఎక్కడిది?”

ర్యాంకరు తేలు కుట్టిన దొంగలా ఫైల్లోని తన సంతకం వంక చూశాడు. మేడమ్ గొంతు పెంచకుండానే చెప్పాల్సింది చెప్పింది. మూసిన ఫైలు ఏడాది దాకా తెరవరు. మొదటి రిపోర్టు తప్పని, రాసినవాడే తన చేత్తో రాసిస్తే మాత్రం ఇవాళే తెరుస్తారు. అలా రాస్తే అది అతని రికార్డులో ఉండిపోతుంది, హెడ్డాఫీసు మాట మరిచిపోవాల్సిందే. రాయకపోతే అడిగేవాళ్ళు లేరు, డబ్బాలావిడే మరో ఏడాది బండి తోసుకుంటుంది. ఏది రాసినా ముందు ఆ ఇల్లు చూసి రమ్మని, ఈసారి కాళ్ళతో వెళ్ళమని పంపించింది.

వెళ్ళాడు. దారి పొడుగునా, దూరం నుంచి గొళ్ళెం లేని తలుపు తాళమేసినట్టే కనిపిస్తుందని వాదన కూడా తయారు చేసుకున్నాడు. తెలివికేం తక్కువ లేదు. సందు చివర మెట్లెక్కితే ఒకే గది, గోడవారగా పేర్చిన నీలం డబ్బాలు. ఆఫీసు నుంచి వచ్చానన్నాడు. డబ్బాలావిడకు యాభై దాటి ఉంటాయి. ఉన్న ఒక్క కుర్చీనీ తుడిచి వేసి, మంచినీళ్ళిచ్చి, అడక్కుండానే మొదలుపెట్టింది.

“ఫలానా రెండు రోజులు మీ ఆఫీసాయన వస్తాడని ఫోనుకి మెసేజీ వచ్చింది బాబూ, పక్కింటి పిల్ల చదివి చెప్పింది. రెండు రోజులూ గడప దాటలేదు. డబ్బాలు వేయకపోతే హోటళ్ళవాళ్ళు ఊరుకుంటారా, రెండు హోటళ్ళు వేరేవాళ్ళని పెట్టుకున్నాయి. తలుపు మూసుంటే వచ్చినాయన వెనక్కి పోతాడేమోనని బార్లా తీసే కూర్చున్నాను.”

తయారు చేసుకున్న వాదన నోటికి రాలేదు. దానికన్నా నీచమైనది వచ్చింది.

“ముందు రాసినవాడు వేరే అండి. వాణ్ణి తీసేశారు” అన్నాడు.

ఆవిడ ముఖం చిన్నబోయింది. “అయ్యో, నా మూలంగా ఉద్యోగం పోయిందా? పిల్లలు గలవాడేమో. మీరు ఓ మాట చెప్పి చూడండి బాబూ, మళ్ళీ పెట్టుకుంటారు.”

ర్యాంకరుకు సిగ్గేసింది. పరీక్ష పోయినందుకు వేసిన సిగ్గు లాంటిది కాదు, అది నలుగురూ చూస్తారన్న భయం. ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు. నీళ్ళ గ్లాసు కింద పెట్టి కాగితం మోకాలి మీద పరిచాడు. రెండు వాక్యాలు రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఆవిడ ఓపిగ్గా నిలబడింది.

“నాకు చదువు రాదు. ఏం రాశారు బాబూ?” అని అడిగింది.

కాగితం లోంచి తలెత్తకుండా చదివాడు. “ఆ రెండు రోజులూ నేను ఈ ఇంటికి రాలేదు. తాళం వేసి ఉందని కాఫీ హోటల్లో కూర్చుని రాశాను.”

ఆవిడ ఒక డబ్బా లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. తిట్టలేదు.

“ఇంకోసారి చదువు” అంది.