కంచం కనబడితేనే సూది

ఉషారాణి మాట్లాడటం మొదలుపెడితే సెలైన్ సీసా కూడా చుక్క ఆపి వింటుందని వార్డులో ఒక మాట ఉంది. అది పొగడ్తో వెక్కిరింతో అన్నవాళ్ళ మొహం చూసి తెలుసుకోవాలి. బిలాస్‌పూర్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఆసుపత్రిలో ఆమె స్టాఫ్ నర్సు. షుగరు రోగులు ఇంటికి వెళ్ళే రోజున మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చుంటుంది. ఇన్సులిన్ సూది ఎక్కడ గుచ్చాలి, ఎప్పుడు గుచ్చాలి, పాదాలు ఎలా చూసుకోవాలి, అన్నీ విడమరిచి చెబుతుంది. తెలుగువాళ్ళకి తెలుగులో, మిగతావాళ్ళకి హిందీలో, పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి తనకొచ్చిన ఛత్తీస్‌గఢీలో. ఆ ఛత్తీస్‌గఢీ విని రోగులు నొప్పి మరిచిపోయి నవ్వుతారు. ఆమె ఏమీ అనుకోదు. నవ్వించడానికి మందుల దుకాణంలో చీటీ అక్కర్లేదు కదా అంటుంది.

నిజానికి ఆమె టీచరు కావాలనుకుంది. తండ్రి సూర్యం గూడ్స్ బండ్లలో అసిస్టెంటు డ్రైవరు. "నర్సయితే బేగి ఉద్యోగం వచ్చెస్తాది, పాఠాలు రోగులకి చెప్పుకో" అన్నాడు. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, తండ్రి పోయాడు. పాఠం చెప్పాలన్న దురద మాత్రం పోలేదు. అందుకే, కొత్తగా చేరే నర్సింగ్ పిల్లలకి వార్డులో పాఠం చెప్పడానికి ఆసుపత్రివాళ్ళు ట్యూటర్ పోస్టు ఒకటి తెరుస్తున్నారని విన్నప్పుడు ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు. ఉన్నది ఒక్కటే పోస్టు. కావాలన్నవాళ్ళు తమ వార్డులో ఒక చిన్న పరిశోధన చేసి కమిటీ ముందు చూపించాలి.

ఏం పరిశోధించాలో ఆమె వెతుక్కోనక్కర్లేకపోయింది. తన పాఠాన్నే పరిశోధించింది. చెప్పకముందు రోగిని కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. పాఠం చెప్పాక మళ్ళీ అవే ప్రశ్నలు. ముందు నీళ్ళు నమిలినవాళ్ళు తర్వాత టకటకా చెప్పేవారు. నర్సింగ్ సూపరింటెండెంట్ ఊర్మిళ మేడం వరంగల్ మనిషి, ఊరికే మెచ్చుకునే రకం కాదు. ఆమె కూడా కాగితాలు తిప్పి చూసి, "అద్దం లెక్క ఉంది ఉషా. కొందరి ఇళ్ళకి కూడా పోయి చూసొచ్చినవనుకో, కమిటీ ముందు ఇంకా బరువుంటది" అంది.

మొదట ఎవరింటికి వెళ్ళాలో కూడా ఉషారాణికి తెలుసు. బంగార్రాజు బాబాయి ఇంటికి.

బంగార్రాజు రిటైరైన లోకో పైలట్. ఉషారాణి తండ్రి ఏళ్ళ తరబడి ఆయన పక్కన కూర్చునే బండి నడిపాడు. రెండు కుటుంబాలవీ పక్కపక్క క్వార్టర్లు. రిటైరయ్యాక ఆయన ఊళ్ళోనే తోర్వా పేటలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. కాలి పుండుతో వార్డులో చేరినప్పుడు, ఉషారాణి పాఠమంతా చేతులు కట్టుకుని విన్నాడు. ప్రశ్నలడిగితే తనిఖీకొచ్చిన ఇన్స్పెక్టరుకి చెప్పినట్టు నిటారుగా కూర్చుని జవాబులు చెప్పాడు. ఒక్కటి తప్పితే ఒట్టు. ఆమె పరిశోధనకి ఆయన మేలి ముత్యం.

ఒక ఆదివారం పొద్దున్న స్కూటీ మీద తోర్వా వెళ్ళింది. బాబాయి భార్య మంగాయమ్మ వాకిట్లో చీపురు పట్టుకుని ఉంది.

"రా అమ్మీ. మీ బాబాయి బజారుకెళ్ళేరు. కూరలు తెస్తే గాని ఆ మనిషికి తెల్లారదు."

"సూది వేసుకున్నారా పిన్నీ?"

"ఓ, లేస్తూనే వేసీసుకుంటారు. అందులో మాత్రం తేడా రాదు. నువ్వు చెప్పేవంటే వేదమే."

ఉషారాణికి కడుపు నిండింది. "టిఫిను తినేసి వెళ్ళారా?"

"ఇంకా ఎక్కడమ్మా? వచ్చేక తింటారు."

ఆ మాట ఉషారాణి చెవిలో పడింది గాని బుర్రలోకి దిగడానికి కొంచెం సమయం పట్టింది. దిగేసరికి గేటు దగ్గర సైకిలు చప్పుడైంది. బంగార్రాజు సైకిలు తొక్కుకుంటూ రాలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. చలికాలంలో చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. హ్యాండిలుకి వేలాడే సంచీ ఊగుతోందనుకుంది, ఊగుతున్నవి ఆయన చేతులు. ఆమె మొహంలోకి చూసి, గుర్తుపట్టినట్టూ పట్టనట్టూ నవ్వి, "అమ్మా, సూర్యం లేచేడా? బండి టైమయిపోతోంది" అన్నాడు.

చనిపోయిన తండ్రి పేరు ఆ వాకిట్లో అలా వినబడేసరికి ఉషారాణికి గుండె జారింది. కానీ చేతులు జారలేదు. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మంగాయమ్మ చేత గ్లాసులో చక్కెర కలిపించి, గుటక గుటకగా తాగించింది. తన సంచీలో ఉన్న షుగరు మీటరుతో ఆయన వేలు పొడిచి చూసింది. అంకె బాగా కిందికి పడిపోయి ఉంది. కొంతసేపటికి ఆయన కళ్ళల్లోకి మనిషి తిరిగి వచ్చాడు.

"అరే, ఉషమ్మా. ఎప్పుడొచ్చేవు?"

"మీరు మా నాన్నని డ్యూటీకి పిలిచినప్పుడే వచ్చాను. ఇడ్లీ తినండి, తర్వాత మాట్లాడదాం."

తిన్నాడు. తిన్నాక ఆమె ఊరుకోలేదు.

"సూది వేసుకున్నాక ఎంతసేపట్లో తినాలి బాబాయ్?"

"అరగంటలోపు."

"తినకపోతే?"

"చక్కెర పడిపోతాది. చెమటలు, వణుకు, మతి తప్పడం. బేగి తీపి ఏదైనా నోట్లో వేసుకోవాలి." అక్షరం పొల్లుపోకుండా చెప్పి, ఇంకేమైనా అడుగుతుందేమోనని చూశాడు.

"అన్నీ తెలుసు. మరి తినకుండా బజారుకెందుకు వెళ్ళారు?"

బంగార్రాజు ఆమెని వింతగా చూశాడు. "డ్యూటీ అవకుండా ఎవడు తింటాడమ్మా?"

గూడ్స్ బండి నడిపినన్నాళ్ళూ ఆయన డ్యూటీకి మోసుకెళ్ళే లైన్ బాక్సు పెట్టెలోని అన్నం బండి నడుస్తుండగా ముట్టలేదు. తింటే కునుకు వస్తుందని భయం. బండిని గమ్యం చేర్చి, అప్పగించి, అప్పుడే మూత తీసేవాడు. ఉద్యోగం అయిపోయింది, అలవాటు ఎక్కడికి పోతుంది? ఇప్పుడు బజారే డ్యూటీ, కరెంటు బిల్లే డ్యూటీ, గ్యాసు సిలిండరు తేవడమే డ్యూటీ. "సూది పడిందంటే సైన్ ఆన్ అయినట్టే, డ్యూటీ ఎక్కినట్టే గదా. ఇక పని అయ్యేకే బాక్సు" అన్నాడు, ఇందులో అర్థం కానిదేముంది అన్నట్టు.

"రోజూ ఇలాగే తడిసి వస్తారమ్మా," అంది మంగాయమ్మ. "ఏటని అడిగితే ఎండ అంటారు."

"ఈ చలిలోనా పిన్నీ?"

"మరి ఇంజన్ డ్రైవరు మాటకి ఎదురు చెప్పగలమా?"

ఉషారాణికి కోపం ఎవరి మీద వచ్చిందో ఆమెకే తెలియలేదు. "వార్డులో ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"నువ్వు అడగనేదు కదమ్మా. నువ్వు చెప్పేవు, నేను అచ్ఛా అన్నాను." ఆయన గొంతు తగ్గించాడు. "అంత ముచ్చటగా చెప్తుంటే మధ్యలో అడ్డం ఎలా వస్తాను? మా సూర్యం కూతురు పాఠం చెప్తోందని అటు మంచం వోడికీ ఇటు మంచం వోడికీ చూపించుకున్నాను."

తిట్టినా బాగుండేది. ఆమె ఆ మెప్పుని మింగలేకా కక్కలేకా కూర్చుంది.

మంగాయమ్మ గిన్నెలు సర్దుతూ సణిగింది. "ఇంజన్లోనైతే ఒకరు సిగ్నల్ రంగు చెప్తే రెండోవోరు తిరిగి చెప్పాలంట. చెప్పకపోతే గొడవే. ఇంట్లో నేను ఉప్పు అయిపోయిందని పది మాట్లు చెప్పినా, ఉహూ, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయి."

అది మొగుడిని పొడవడానికి అన్న మాట. ఉషారాణి మాత్రం అక్కడే ఆగిపోయింది. చిన్నప్పుడు క్వార్టరు వరండాలో తండ్రి గెడ్డం గీసుకుంటూ కూడా ఎదురుగా కనబడే సిగ్నల్ రంగు పైకి అనేవాడు. పక్క వరండాలోంచి బంగార్రాజు గొంతు అదే రంగు తిరిగి చెప్పేది. తల ఊపితే చాలదు, నోటితో చెప్పాలి. తన పాఠంలో ఇన్నాళ్ళూ ఆ రెండో గొంతు లేదు. రోగి చేత తన మాటలే తిరిగి చెప్పించుకుంది గాని, "రేపు పొద్దున్న లేచాక నువ్వేం చేస్తావో ఒక్కొక్కటీ నాకు చెప్పు" అని ఎవరినీ అడగలేదు. అడిగుంటే బజారు సంగతి అక్కడే బయటపడేది.

లేచి వంటింట్లోంచి ఖాళీ కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది సిగ్నల్ బాబాయ్. వడ్డించిన కంచం కళ్ళబడితేనే సూది. కనబడకపోతే బండి కదలకూడదు. పిన్ని 'కంచం' అని చెప్పాలి, మీరు తిరిగి చెప్పాలి. అప్పుడే సూది."

"నేనా? అసిస్టెంటునా?" అంది మంగాయమ్మ.

"నువ్వెప్పుడు అసిస్టెంటువి మంగా? ఈ ఇంటికి కంట్రోలు ఆఫీసు నువ్వే" అన్నాడాయన. పెళ్ళయ్యాక ఆయన ఆవిడని మెచ్చుకున్న సందర్భం అదొక్కటేనని మంగాయమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ తర్వాత ఉషారాణి మిగతా ఇళ్ళకీ తిరిగింది. ఈసారి నోరు కట్టుకుని, పొద్దున్న లేచాక ఏం చేస్తారో వాళ్ళ చేతే చెప్పించుకుంది. బిల్హాలో ఒకావిడ సూది అందరికంటే ముందు వేసుకుంటుంది, ఇంటిల్లిపాదికీ వడ్డించాక గాని తినదు. రతన్‌పూర్‌లో గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఆయన సూది వేసుకుని కొట్టు తెరుస్తాడు, జనం పలచబడ్డాక టిఫిన్ డబ్బా తీస్తాడు. అడిగితే అందరూ అరగంట అనే చెప్పారు. పాఠం అందరికీ వచ్చు. పాఠం ప్రకారం బతికేవాళ్ళే తక్కువ.

కొత్తగా రాసి తెచ్చిన కాగితాలు చూసి ఊర్మిళ మేడం తల పట్టుకుంది.

"ఏంది ఉషా ఇది? బంగారమసొంటి ఫలితాన్ని నీ చేత్తో నువ్వే మట్టిల కలిపినవ్. ఇళ్ళ ముచ్చట తీసెయ్. ప్రశ్నల దాకా చూపియ్. అది కూడా అబద్ధం కాదు గదా."

అబద్ధం కాదు. అదే ఆమెని ఆశపెట్టింది. ఆ సాయంత్రం ఇంట్లో పప్పులో రెండుసార్లు ఉప్పు వేసి, అదేంటన్న మొగుడి మీద విరుచుకుపడింది. పోస్టు ఆమెకి అందేంత దూరంలో ఉంది. ఇళ్ళ సంగతి తీసేస్తే చేతికి వస్తుంది. కానీ కళ్ళు మూసుకుంటే బంగార్రాజు తడిసిన చొక్కాతో వాకిట్లో నిలబడి సూర్యం లేచేడా అని అడుగుతున్నాడు. పోస్టు వస్తే ఆ పాత పాఠాన్నే నర్సింగ్ పిల్లలకి నేర్పాలి. వాళ్ళు వెళ్ళి ఇంకెందరి చేతనో అచ్ఛా అనిపించుకుంటారు.

మర్నాడు మేడం గదికి వెళ్ళి, "తీయను మేడం" అంది.

"పోస్టు రాదేమో."

"రాకపోతే రాకపోనీండి. నాకు తెలిసింది ఆ ఇళ్ళల్లోనే. అది తీసేస్తే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు."

ఊర్మిళ మేడం కాగితాలు ఆమె చేతికే తిరిగిచ్చి, "మొండిదానివి. సరే, అచ్చుతప్పులన్నా దిద్దుకో" అంది.

కమిటీ శ్రద్ధగానే విన్నది. చివర ఒకాయన, రోగి చేత తన రోజు తానే చెప్పించే ఈ కొత్త పద్ధతి పనిచేస్తోందా అని అడిగాడు. "కొన్ని ఇళ్ళల్లో చేస్తోంది. అందరిళ్ళల్లో చేస్తుందో లేదో ఇంకా తెలియదు, చూడాలి" అంది ఉషారాణి. తెలియదన్నవాళ్ళకి పోస్టులివ్వరు. అది పక్క వార్డు నర్సు ప్రత్యూషకి వెళ్ళింది. మంచాన పడినవాళ్ళకి పుళ్ళు రాకుండా పక్క మార్చి పడుకోబెట్టడం మీద ఆ పిల్ల చేసిన పని తేటగా, మొదలూ తుదీ ఉన్న పని. న్యాయంగానే వెళ్ళింది. ఉషారాణే ముందుగా వెళ్ళి ఆమెకి మిఠాయి తినిపించింది. తర్వాత డ్యూటీ రూములో కూర్చుని దూది ఉండలు చుట్టసాగింది. వార్డు నిశ్శబ్దంగా ఉంది. ఆమె మాట్లాడకపోతే అది ఆసుపత్రిలా ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే బంగార్రాజు డ్యూటీ రూముకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, రెండో చేతిలో మందు సంచీ. మంగాయమ్మ బిల్హాలో చెల్లెలింటికి వెళ్ళిందట.

"పోస్టు రానేదంట గదా" అన్నాడు కూర్చోకముందే. బిలాస్‌పూర్ తెలుగువాళ్ళలో కబురు రాజధాని ఎక్స్‌ప్రెస్ కంటే ముందు చేరుతుంది.

"రాలేదు బాబాయ్."

"అయితే ఏటి? నేను గూడ్స్ నడిపినోడిని. ఎప్పుడు చూసినా పక్క పట్టాల మీదికి తోసి లూపులో పెట్టీవోరు. ముందు ఎక్స్‌ప్రెస్ పోవాలి, తర్వాత ప్యాసింజరు పోవాలి, అప్పుడు మనం. లూపులో పెట్టేరని బండి దిగి ఇంటికెళ్ళిపోయేనా? మీ నాన్నయితే ఆ గేప్‌లో ఇంజన్ తుడిచీవోడు."

ఆమె నవ్వబోయి, ముక్కు తుడుచుకుంది. "ఇది చెప్పడానికి ఇంత పొద్దున్నే వచ్చారా?"

"అచ్ఛా, పని ఉండే వచ్చేను." బల్ల మీద దూది పక్కకి తోసి క్యారియరు విప్పాడు. మూత తిప్పి కంచంలా పెట్టి, అందులో ఉప్మా వడ్డించాడు. సంచీలోంచి ఇన్సులిన్ తీసి దాని పక్కన పెట్టాడు. తర్వాత చేతులు కట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

"వేసుకోండి మరి" అంది ఉషారాణి.

"ఎలా వేసుకుంటాను? మీ పిన్ని ఇంట్లో లేదు. చెప్పీవోరు లేకుండా బండి కదపొద్దని నువ్వే గదా అన్నావు."

ఆయన వేళాకోళం ఆడటం లేదు. సూది వేసుకోకుండా, ముద్ద ముట్టకుండా, తోర్వా నుంచి ఇక్కడిదాకా వచ్చాడు, ఒక్క మాట కోసం. గుమ్మం దగ్గర ప్రత్యూష ఆగి చూస్తోంది. గుమ్మం అవతల మంచాల మీదివాళ్ళు కూడా మెడలు చాచారు.

ఉషారాణి దూది పక్కన పెట్టి, గొంతు సవరించుకుంది.

"కంచం" అంది, వార్డంతా వినబడేలా.

"కంచం" అన్నాడు బంగార్రాజు, సూది చేతిలోకి తీసుకుంటూ.