చదివి వినిపించని కాగితం

పదిహేడేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉంది. కక్కలేను, మింగలేను. నా భార్యకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇందులో ధైర్యమేమీ లేదు.

మాది కమ్మర్‌పల్లి దగ్గర పసుపు పండించే ఇల్లు. నిజామాబాద్‌లో గది తీసుకుని, యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం, చరిత్ర కలిపి చదివాను. "గవి రెండు కలిపి సదివితే ఏమైతవ్‌రా?" అని మా బాపు నవ్వేవాడు. పొద్దున క్లాసులో మేడం, కథకు ముగింపు బలంగా ఉండాలనేవారు. మధ్యాహ్నం క్లాసులో సారు, ఆధారం లేని వాక్యం కొట్టేయమనేవారు. నేను రెండు పడవల మీద కాళ్లు పెట్టి, రెండూ నావేనని మురిసిపోయేవాణ్ణి.

నా పక్కన కూర్చునేవాడు రియాజ్, బోధన్ వాడు. చివరి ఏడాది ఎవరైనా పెద్దమనిషి జ్ఞాపకాలు సేకరించి ఇంగ్లీషులో రాయాలి. చరిత్రగా నిలవాలి, సాహిత్యంలా చదివించాలి. సొంత ఇంటివాళ్ల గురించి రాయకూడదు. నాకు మనిషి దొరక్కపోతే రియాజే తన తాత దగ్గరికి తీసుకెళ్లాడు. వాడిలాగే నేనూ ఆయన్ని దాదా అనేవాణ్ణి.

ఆయన బోధన్‌లో తహసీల్ ఆఫీసు గేటు పక్కన బల్ల వేసుకుని చెరుకు రైతులకు అర్జీలు రాసే మనిషి. ఉర్దూ, తెలుగు రాసేవారు. ఇంగ్లీషు రాదు. ఆయనకొక పద్ధతి ఉండేది. రాసిన అర్జీని పైకి చదివి వినిపించకుండా ఎవరిచేతా వేలిముద్ర వేయించేవారు కాదు. రైతు ఎంత తొందరపడినా చివరి అక్షరం దాకా వినాల్సిందే. ఈ సంగతి నేను ప్రాజెక్టు మొదటి పేజీలోనే రాశాను. చూడండి నా తెలివి.

ఐదు ఆదివారాలు వెళ్లాను. ఐదో వారం లింబయ్య మాట వచ్చింది. వెనుకటి రోజుల్లో, చెరుకు ధర కోసం బండ్లన్నీ రోడ్డు మీద ఆపించిన రైతు. అతను దాక్కున్న చోటు ఎవరో పోలీసులకు చెప్పేశారు. జైలు నుంచి వచ్చాక ఎక్కువ కాలం బతకలేదు. చెప్పిందెవరో ఈనాటికీ తెలియదు.

"ఎవరు చెప్పిండ్రు దాదా?" అని అడిగాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. "ఛాయ్ సల్లారుతున్నది, తాగు బేటా" అన్నారు. అంతే.

ఆ రోజే సంతకం కూడా తీసుకున్నాను. రాసిందంతా తాను చెప్పిందేనని ఆయన ఒప్పుకున్నట్టు ఒక కాగితం జతచేయాలి. నేనింకా ఏమీ రాయలేదు. మళ్లీ బస్సెక్కి రావడం ఎందుకని ఖాళీ కాగితం ముందు పెట్టాను. ఆయన కలం పట్టుకుని ఆగారు. నా ముఖం చూశారు. మనవడి ముఖం చూశారు. సంతకం పెట్టారు.

చిత్తుప్రతి చదివి మేడం, అన్నీ ఉన్నాయి కానీ ముగింపు లేదన్నారు. నా దగ్గరున్నది ఒక పెద్దాయన మౌనం, చల్లారిన ఛాయ్. అవి చాలవా? చాలునని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆయన నోట్లో నా ఇంగ్లీషు పెట్టాను. లింబయ్య జాడ నేనే చెప్పాను, భయపడ్డాను, నా పిల్లల కోసం చెప్పాను అని ఆయన ఏడ్చినట్టు రాశాను. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. అంత బాగా కుదిరింది. సారు ఆధారం అడిగితే సంతకం చూపించాను.

మొదటి బహుమతి వచ్చింది. ఆ భాగాన్ని తెలుగు చేసి, సంతకం బొమ్మతో సహా యూనివర్సిటీ పత్రికలో వేశారు. నేను వద్దనలేదు. వద్దనడానికి కారణం చెప్పాలి కదా. ఒకరోజు లింబయ్య వాళ్ల అన్న కొడుకు ఆ పేజీ పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చాడట. కొట్టలేదు, తిట్టలేదు. అందరి ముందు పైకి చదివాడట. ఆయన చివరి అక్షరం దాకా విని, "నేను గిట్ల అనలే" అన్నారట. కింద సంతకం ఎవరిదంటే, "నాదే" అన్నారట.

ఆ తర్వాత ఆ బల్ల దగ్గరికి రైతులు రాలేదు.

రియాజ్ నా గదికి వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఒక్క ముచ్చట అడుగుత, సచ్ చెప్పు. దాదా నీతోని గట్ల అన్నడా?"

"అన్నడు."

"నేను ఆడనే ఉంటిని గదా!"

"నువ్వు గ్లాసులు లోపల పెట్టనీకి పోయినవ్ సూడు, అప్పుడు."

"మరి మాతోని అనలే అంటడేంది?"

"సిగ్గయితుందేమో" అన్నాను.

ఆ గ్లాసులు నాకెక్కడి నుంచి వచ్చాయి? ఆ సిగ్గు మాట ఎవరు అందించారు? ప్రాజెక్టు రాసినప్పుడు చిన్నవాణ్ణి, మార్కుల ఆశ అనుకుందాం. కానీ గడప దగ్గర నిలబడ్డవాడు నా స్నేహితుడు. వాడికి కావలసింది ఒక్క "లేదు". పదిహేడేళ్లలో మనసులో ఆ గడప దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లానో, వెళ్లిన ప్రతిసారీ మళ్లీ అదే జవాబు చెప్పి వస్తున్నాను.

దాదా ఇంకో రెండేళ్లు బతికారు. ఒకే ఇంట్లో ఉండి కూడా రియాజ్ ఆయనతో మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు మయ్యత్‌కు నేనూ వెళ్లాను. రియాజ్ నా భుజం పట్టుకుని, "ఆఖరుదాంక ఒప్పుకోలే" అన్నాడు. కోపం ఆయన మీద. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

ఇప్పుడు పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. ఆధారం లేనిది రాయొద్దంటాను. చెప్పేవి శ్రీరంగనీతులు. రియాజ్‌కు బోధన్‌లో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ప్రతి రంజాన్‌కు షీర్ ఖుర్మా డబ్బా పంపుతాడు. తింటాను. చెప్పేద్దామని రెండుసార్లు బోధన్ బస్సు దిగాను, దుకాణం ముందు నుంచే నడిచి తిరిగొచ్చాను. చెబితే దాదా లేచి రారు. తాతతో మాట్లాడకపోవడానికి కారణం ఉందన్న ఒక్క ఊరట కూడా రియాజ్‌కు పోతుంది. అందుకే చెప్పడం లేదా? కాదు. భయం. అప్పుడూ భయమే, ఇప్పుడూ భయమే. భయపడ్డానని ఆయన చేత చెప్పించిన మాట చివరికి నాదే అయింది.

ఇదంతా రాశాక తలుపు వేసుకుని పైకి చదివాను, ఆయన రైతులకు వినిపించినట్టు, నిదానంగా, చివరి అక్షరం దాకా. వినడానికి ఎవరూ లేరు. అయినా గుండె మీద బరువు కాస్త కదిలింది. అంతకన్నా నాకు రావలసింది ఏమీ లేదు.

ఆయనే ఉంటే, విన్నావు కదా, ఇక సంతకం పెట్టమనేవారు.

నేను పెట్టలేదు.